మా గేదె మేతకు మార్కులు వేయించాను: మేత పరీక్ష సేవ ఎలా ఉందంటే

అయిదుకు మూడున్నర ఇస్తున్నా. ఒకటిన్నర ఎందుకు కోశానో కూడా చెప్తాను. ల్యాబ్ పేరు మాత్రం రాయను. నాకున్న కంప్లైంట్లలో సగం నా తప్పు కూడా కలిసినవే.

మాకు రెండు గేదెలు, ఒక ఆవు, ఒక దూడ. పెద్ద గేదెకి ఇది మూడో ఈత. కిందటి ఈతలో రెండు పూటలూ కలిపి ఎనిమిది లీటర్లు ఇచ్చింది. ఈసారి ఈని రెండో నెల వచ్చినా ఆరు దగ్గరే ఆగిపోయింది. జ్వరం లేదు, పొదుగువాపు లేదు, నెమరు శుభ్రంగా వేస్తోంది. డాక్టరుగారు వచ్చి చూసి, "జబ్బేం లేదమ్మా, మేత చూసుకోండి" అని వెళ్ళిపోయారు.

మేత అనగానే నా కళ్ళు బస్తా దాణా మీదే పడ్డాయి. కొత్తగా తెచ్చిన బస్తాలో గుళికల రంగు మారింది, గుప్పిట్లో నొక్కితే పొడైపోతున్నాయి. మీద పెద్ద అక్షరాలతో ప్రొటీన్ 20 శాతం అని ఉంది. అబద్ధమని తేల్చి, షాపులో ఆ బస్తా మూతి విప్పి అడగాలని నా ఉద్దేశం. ఆ కోపంలోనే ల్యాబ్‌కి ఫోన్ చేశాను.

ఫోనెత్తిన అబ్బాయి నా కోపమంతా విని, "దాణా ఒక్కటే పంపితే ఏం తెలుస్తుంది మేడం? గేదె రోజంతా ఏమేం తింటుందో అన్నీ పంపండి" అన్నాడు. ఈ సేవ మొత్తంలో నాకు దొరికిన అతి విలువైన మాట అదే, దానికి వాళ్ళు ఫీజు కూడా తీసుకోలేదు. సరేనని అయిదు సంచులు కట్టాను: వరిగడ్డి, నేపియర్ అనే పచ్చిగడ్డి, బస్తా దాణా, వేరుశనగ చెక్క, నీళ్ళ మీద తేలుతూ నాచులా పెరిగే అజోలా. ఆఖరిది మా ఆయన ముచ్చట. దాని సంగతి తర్వాత చెప్తా.

శాంపిల్ తీయడం గురించి బాగానే చెప్పారు. గడ్డివాము పైనుంచి ఒక గుప్పెడు లాగి పంపకూడదట. పైన, మధ్యన, అడుగున, పక్కల నుంచి పది పన్నెండు చోట్ల తీసి, అన్నీ కలిపి, అందులోంచి అరకిలో పంపాలి. దాణా కూడా బస్తా పైనుంచి కాదు, అడుగుదాకా చెయ్యి పెట్టి తీయాలి, పొడంతా కిందికి దిగుతుంది కాబట్టి. ఇంతవరకూ బాగుంది. పచ్చిగడ్డి దగ్గర మాత్రం "కవర్లో పెట్టి పంపండి" అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. నేను అలాగే ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి పంపాను. నాలుగు రోజుల తర్వాత ఫోను: "మేడం, మీ గడ్డి కుళ్ళిపోయింది. మళ్ళీ పంపాలి." ఒక అర మార్కు అక్కడ పోయింది.

రెండోసారి ఎలా పంపాలో అడిగి తెలుసుకున్నాను. గడ్డిని చిన్న ముక్కలుగా కోసి, వంటింటి త్రాసు మీద సరిగ్గా కిలో తూచి, నీడలో పాత చీర మీద పరిచాను. రోజుకి రెండుసార్లు కలియబెట్టి మూడో రోజున మళ్ళీ తూచాను. 265 గ్రాములు! కిలో గడ్డి పోసి చూస్తుంటే చేతికి మిగిలింది ఒక పాలకూర కట్టంత బరువు. ల్యాబ్‌లో ఓవెన్‌లో పెట్టి ఇంకా మిగిలిన తేమ కూడా తీస్తే అసలు పొడి పదార్థం 24 శాతం తేలింది. అంటే మోపులో ముప్పావు వంతు నీళ్ళే. ఏళ్ళ తరబడి మోపుల లెక్కన మేత పెడుతున్నాను, నీళ్ళు మోసుకొస్తున్నానని ఆ త్రాసు దగ్గర కూర్చునే దాకా తట్టలేదు.

పది రోజుల్లో రిపోర్టు ఇస్తామన్నారు. ఇరవై మూడు రోజులు పట్టింది. ఇదేం రక్తపరీక్ష కాదు కదా, ఆగొచ్చు అనుకోవచ్చు. కానీ మేతకు ఆగే గుణం లేదు. నేను పంపిన బస్తా ఈలోగా అయిపోయింది, నేపియర్ ఇంకో ఇరవై రోజులు ముదిరింది. ఇంకో అర మార్కు.

రిపోర్టు వచ్చింది, రెండు కాగితాలు. ఇక మిగిలిన అర మార్కు ఎక్కడ పోయిందో వినండి. దాణా పక్కన ప్రొటీన్ 21.5 శాతం అని ఉంది. నేను బిత్తరపోయాను. 20 అని రాసి 21.5 ఇచ్చే కంపెనీ ఉంటుందా? అనవసరంగా తిట్టుకున్నానే అని నొచ్చుకున్నా కూడా. సాయంత్రానికి అనుమానం వచ్చి ఫోన్ చేస్తే తెలిసింది, రిపోర్టులో అంకెలన్నీ తేమ పూర్తిగా తీసేసిన లెక్కలోవి. బస్తాలో తేమ 10 శాతం. ఉన్నదున్నట్టు తూచి పెడితే అందేది 19.4. బస్తా మీద రాసిన 20 ఏ లెక్కలో రాశారో బస్తా చెప్పదు. తేమతో కలిపి అయితే కాస్త తక్కువ, తేమ లేకుండా అయితే కాస్త ఎక్కువ. మొత్తానికి నేను అనుకున్న మోసం అక్కడ లేదు. కానీ ఇంత ముఖ్యమైన విషయం రిపోర్టు తలమీద ఒక్క లైను రాస్తే వీళ్ళ సొమ్మేం పోయింది?

ప్రొటీన్ గురించి ఇంకో సంగతి ఉంది. ల్యాబ్ వాళ్ళు కొలిచేది ప్రొటీన్ కాదు, నత్రజని. 1883లో డెన్మార్క్‌లో కార్ల్స్‌బెర్గ్ బీరు కంపెనీ ల్యాబ్‌లో పనిచేసిన యోహాన్ కెల్‌డాల్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి ఇది. పదార్థాన్ని గాఢమైన ఆమ్లంలో ఉడికించి, అందులో నత్రజని ఎంతుందో చూసి, దాన్ని 6.25తో గుణిస్తారు. ప్రొటీన్లలో నత్రజని సుమారు 16 శాతం ఉంటుంది కాబట్టి ఆ అంకె. ఇంతవరకూ సరే. కానీ నత్రజని చెక్క నుంచి వచ్చిందా, యూరియా నుంచి వచ్చిందా అన్నది ఆ పద్ధతికి తెలియదు. యూరియాలో నత్రజని 46 శాతం. 6.25తో గుణించండి, 287 వస్తుంది. వంద కిలోల దాణాలో కిలో యూరియా వేస్తే కాగితం మీద ప్రొటీన్ దాదాపు మూడు శాతం పెరిగినట్టే.

ఇది తెలిశాక యూరియా పరీక్ష విడిగా అడిగాను. మామూలు ప్యాకేజీలో ఉండదట, అడిగితేనే చేస్తారు. నా దాణాలో 0.8 శాతం వచ్చింది. అంటే కాగితం మీది ఆ 21.5లో 2.3 యూరియాదే. పెద్ద పశువుకి ఇదేం విషం కాదు, నెమరు వేసే కడుపులోని సూక్ష్మజీవులు యూరియాని కూడా ప్రొటీన్‌గా మార్చుకుంటాయి, దానికి తోడు పిండిపదార్థం ఉండాలి అంతే. నా టెన్షన్ అది కాదు. తల్లికి దాణా పెట్టేటప్పుడు రెండు నెలల దూడ మూతి పెడితే ముచ్చటేసి దానికీ ఓ గుప్పెడు పడేస్తున్నాను, వారం రోజులుగా. దాని కడుపు ఇంకా నెమరుకి తయారు కాలేదు. ఆరు నెలల్లోపు దూడలకి యూరియా కలిసిన దాణా పెట్టకూడదని ఫోన్లో అబ్బాయి గట్టిగా చెప్పాడు. పరిగెత్తుకెళ్ళి ఖాళీ బస్తా తిరగేశాను. అడుగున కుట్టు పడిన చోట, దారం కింద, చీమంత అక్షరాల్లో ఉంది: దూడలకు వాడరాదు. దూడకి ఏమీ కాలేదు. ఆ వారం తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ నాకు చెయ్యి వణుకుతుంది.

ఇక అసలు దొంగ. నేపియర్ ప్రొటీన్ 5.8 శాతం.

మా పద్ధతి ఏమిటంటే, గడ్డి మనిషెత్తు దాటితేనే కోస్తాం. మోపు బరువుగా ఉండాలి, మడి నిండుగా కనిపించాలి. పంపిన శాంపిల్ దాదాపు ఎనభై రోజుల గడ్డి. అదే గడ్డి నలభై అయిదు రోజులకు కోస్తే ఎంతుంటుందో చూద్దామని ఒక వరస కోసి, తర్వాత విడిగా పంపాను. 9.9 వచ్చింది. విత్తనం అదే, నేల అదే, ఎరువు అదే. ముదిరేకొద్దీ ఆకు తగ్గి కాడ పెరుగుతుంది, కాడలో పీచు గట్టిపడుతుంది. నిజానికి ఇది చెప్పడానికి ల్యాబే అక్కర్లేదు. రోజూ పొద్దున్నే తొట్టి ఊడిస్తే గేదె వదిలేసిన కాడముక్కలు తట్టెడు వచ్చేవి, చెరుకు గనుపుల్లాగా గట్టిగా. వాటిని ఎత్తి పెంటకుప్పలో పోసేదాన్ని నేనే. అవి నాకు రోజూ అదే సంగతి చెప్తుంటే, గేదెకి పొగరెక్కిందనుకున్నాను.

అప్పుడు చెక్క, అజోలా పక్కన పెట్టి, పెద్దగేదె రోజు మేతంతా కాగితం మీద పెట్టాను. ఆరు కిలోల వరిగడ్డి నుంచి 190 గ్రాములు, పదిహేను కిలోల నేపియర్ నుంచి 210, మూడు కిలోల దాణా నుంచి 580. కిలోకి కాస్త తక్కువ ప్రొటీన్. అదీ తొట్టిలో వేసిన లెక్క, ఊడ్చిన కాడలు తీసేస్తే ఇంకా తక్కువ. ఇందులో ఒంటి పోషణకి పోయేది పోగా పాలకి మిగిలేది ఎంతని? అది ఆరు లీటర్ల దగ్గర ఆగిందంటే దాని తప్పేముంది. నేపియర్‌ని లేతగా కోసి ఇరవై కిలోలు వేస్తే అందులోంచే 360 గ్రాముల పైన వస్తుంది. లేత గడ్డిలో నీరు ఎక్కువ కాబట్టి ఇరవై కిలోలు వేయాలి. పెరిగిన 150 గ్రాములూ బస్తాలోంచి రావాలంటే ముప్పావు కిలో పైన దాణా రోజూ అదనంగా పెట్టాలి.

ఇప్పుడు మడిని తొమ్మిది ముక్కలుగా గుర్తు పెట్టుకున్నాం. అయిదు రోజులకి ఒక ముక్క. తొమ్మిదోది అయ్యేసరికి మొదటిది నలభై అయిదు రోజులకి తయారు. మడి చూడ్డానికి బోసిగా ఉంటుంది, దారినపోయేవాళ్ళు "గడ్డి సరిగా రాలేదా?" అని పరామర్శిస్తారు. తొట్టిలో మాత్రం ఊడవడానికి ఏమీ మిగలట్లేదు.

వరిగడ్డి 3.6. ఇది ఊహించిందే. కడుపులో సూక్ష్మజీవులు సరిగా పనిచేయాలంటే మొత్తం మేతలో కనీసం 7 శాతం ప్రొటీన్ ఉండాలంటారు, గడ్డి అందులో సగం దగ్గరే ఆగింది. పైగా ఇసుకలాంటి సిలికా దండిగా ఉంది. మా అత్తయ్య ఎప్పుడూ అనే మాటే: "గడ్డి కడుపు నింపుద్దే గానీ గిన్నె నింపదే అమ్మాయ్." యూరియాతో మాగబెట్టి చూశాను. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్ళలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, టార్పాలిన్ కప్పి మూడు వారాలు గాలి తగలకుండా ఉంచాలి. విప్పిన రోజు అమ్మోనియా ఘాటుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గంటసేపు ఆరబెట్టి వేస్తే గేదె వాసన చూసి మొహం తిప్పుకుంది. మామూలు గడ్డిలో కొద్దికొద్దిగా కలిపి అయిదో రోజుకి అలవాటు చేశాను. పరీక్షలో 7.4 వచ్చింది. పని ఎక్కువ, పచ్చిమేత దొరకని కాలానికి సరే.

అజోలా. దీని మీద మా ఇంట్లో ఇప్పటికీ మాటలు సరిగా లేవు. మా ఆయన పెరట్లో గొయ్యి తీసి, షీటు పరిచి, పేడనీళ్ళు కలిపి, పైన నీడ వేసి పసిపిల్లలా పెంచారు. ప్రొటీన్ 23 శాతం. రిపోర్టు చూసి, "చెప్పానా! నీ బస్తా కంటే ఎక్కువ" అన్నారు. నిజమే. కానీ దాని పక్క గడిలో పొడి పదార్థం 6 శాతం అని ఉంది. రోజూ రెండు కిలోలు ఎత్తి, పేడ వాసన పోయేదాకా మూడుసార్లు కడిగి వేస్తాం. అందులో పొడి సరుకు 120 గ్రాములు. ప్రొటీన్ 28 గ్రాములు. వేరుశనగ చెక్క 70 గ్రాములు పడేస్తే, అంటే ఒక గుప్పెడు, అంతే వస్తుంది. అరగంట పని, మూడు బిందెల నీళ్ళు ఒక గుప్పెడు చెక్క కోసమా అని అడిగితే, "కోళ్ళు ఇష్టంగా తింటున్నాయిలే" అన్నారు. ఇప్పుడది కోళ్ళకే పోతోంది, ఎత్తి కడిగేది కూడా ఆయనే.

గుప్పెడు చెక్క అన్నాను గానీ, ఆ చెక్క కథే అన్నిటికంటే నన్ను భయపెట్టింది. ప్రొటీన్ లెక్కలో అది క్లాసు ఫస్టు, 42 శాతం. కానీ వానల్లో సంచి మూలన నేల మీద ఉండిపోయి, ఒక వైపు గడ్డలు కట్టి, ఆకుపచ్చగా బూజు పట్టింది. బూజు ఉన్న ముక్క విరిచి పారేసి మిగిలింది నానబెట్టి పెడుతున్నాను. ఎవరైనా అదే చేస్తారు. శాంపిల్ తీసేటప్పుడు ఆ మూల నుంచి కూడా కొంచెం వచ్చింది. ల్యాబ్ అబ్బాయి చూసి, "దీనికి అఫ్లటాక్సిన్ పరీక్ష చేయించండి మేడం" అని తనే ఫోన్ చేశాడు. బూజు పుట్టించే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది కూడా వేరుశనగ చెక్క వల్లేనట. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చచ్చిపోతే, వెతుక్కుంటూ పోతే దాణాలోని బూజు పట్టిన చెక్క దగ్గర తేలింది. దీన్ని టన్నులో ఎన్ని మిల్లీగ్రాములు అని కొలుస్తారంటే ఎంత కొంచెం చాలో ఊహించుకోండి. బూజు కంటికి కనిపించిన చోటే విషం ఉంటుందన్న గ్యారంటీ లేదు. నానబెట్టినా ఉడకబెట్టినా పోదు. తిన్న గేదె ఒంట్లో కొంత మారి పాలల్లోకి వస్తుంది, ఆ పాలు కాచినా పోదు.

ఆ పాలు తాగేది మా పిల్లలే.

నా రిపోర్టులో ఆ అంకె కింద ఎర్రగీత ఉంది. మిగిలిన చెక్కంతా గొయ్యి తీసి పూడ్చేశాం. ఇప్పుడు చెక్క నేల మీద కాదు, కర్రల మంచె మీద, గోడకి మూరెడు దూరంలో ఉంటుంది. ఒకేసారి నెలకి మించి కొనట్లేదు. ఈ ఒక్క ఫోను కోసమే ఆ అబ్బాయికి అయిదుకు అయిదు ఇవ్వచ్చు, రేటింగు ల్యాబ్‌కి కాబట్టి ఆగాను.

ఈ సేవ తీసుకునేవాళ్ళు తెలుసుకోవాల్సినవి ఇంకొన్ని. రిపోర్టులో పీచు మూడు పేర్లతో ఉంటుంది, కంగారు పడొద్దు. ఎన్.డి.ఎఫ్. ఎక్కువైతే కడుపు తొందరగా నిండి తక్కువ తింటుంది, ఏ.డి.ఎఫ్. ఎక్కువైతే తిన్నది తక్కువ అరుగుతుంది. నేను ఈ రెండే చూస్తాను. శక్తి అని రాసే అంకె కొలిచింది కాదు, పీచు, ప్రొటీన్ల నుంచి ఫార్ములా వేసి రాసింది. క్యాల్షియం, భాస్వరం కావాలంటే విడిగా చెప్పాలి. మా ఆవు తాళ్ళు, గుడ్డపీలికలు నములుతోందని చెప్పి అడిగాను, ఆ రిపోర్టు ఇంకా రాలేదు. ఈలోగా రోజుకి యాభై గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం మొదలుపెట్టాను.

పాలు పెరిగాయా అంటారా? పెద్దగేదె ఇప్పుడు నాలుగో నెలలో ఉంది. మామూలుగా పాలు తగ్గే సమయం. ఆరు నుంచి ఆరున్నరకి వచ్చి అక్కడ నిలబడింది. ఎనిమిది రాలేదు. మొదటి నెలలోనే ఈ లెక్క తెలిసి ఉంటే వచ్చేదేమో, వచ్చే ఈతకి చూడాలి. దాణా మూడు కిలోల దగ్గరే ఉంది, పెంచలేదు.

మళ్ళీ పంపుతానా? పంపుతున్నాను కూడా. ఈసారి జొన్న చొప్ప, కొత్త చెక్క. మూడోది మా అత్తయ్యది. ఆవిడ చేసే కుడితి ముందు ఈ బస్తాలన్నీ దిగదుడుపేనని ఆవిడ నమ్మకం. కడుగునీళ్ళు, గంజి, తవుడు, తొక్కలు, ఇంకా నాకు చెప్పనివి ఏవో. ల్యాబ్‌కి ఫోన్ చేసి కుడితి కూడా పరీక్ష చేస్తారా అని అడిగాను. అబ్బాయి నవ్వు ఆపుకుంటూ, "చేస్తాం మేడం, కానీ అది రోజుకో రకంగా ఉంటుంది కదా, ఏ రోజుది పంపుతారు?" అన్నాడు. అదే మాట అత్తయ్యకి చెప్పాను.

"పండగ రోజుది పంపు" అంది. సీసా కడిగి గూట్లో పెట్టుకుంది.